ఒక పోచ ఏకబిగిన, రెండోది ముక్కలుగా: ఎందుకు?

ప్రశ్న: నేను ఆమదాలవలసలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. డీఎన్ఏ ప్రతికృతి (డీఎన్ఏ కాపీ అవడం) పాఠంలో ఎంజైముల పేర్లన్నీ ఒప్పజెప్పగలను. బొమ్మ గీయమంటే మాత్రం ప్రతిసారీ ఎక్కడో తేడా వస్తోంది. డీఎన్ఏ జంటలో ఒక పోచ ఏకబిగిన, రెండోది ముక్కలుగా ఎందుకు తయారవుతుంది? కొత్త పోచను కట్టే ఎంజైము పాలిమరేజ్ 5′ నుంచి 3′ వైపే కడుతుందని రాసుకున్నాం. రెండో వైపు ఎందుకు కట్టదు? ఇంకొకటి: ఈ. కోలై బ్యాక్టీరియా డీఎన్ఏలో 46 లక్షల అక్షర జతలు 18 నిమిషాల్లో కాపీ అవుతాయని, వేగం సెకనుకు సుమారు 2000 అని పుస్తకంలో ఉంది. నేను భాగిస్తే 4259 వస్తోంది. చివరిగా, మా పెద్దమ్మ (అమ్మకు సొంత అక్క) వాళ్ళది సీతంపేట దగ్గర. అక్కడ సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) పరీక్షలు చేసి, వాళ్ళబ్బాయి, అంటే మా అన్నయ్య, క్యారియర్ అని చెప్పారు. డీఎన్ఏలో ఒక్క అక్షరం తప్పు వల్ల వచ్చిందట. తప్పులు సరిదిద్దే ఏర్పాటు ఉంటుందని చదువుకున్నాం కదా, మరి ఇది ఎలా మిగిలిపోయింది?

జవాబు: అమ్మా, మూడూ మంచి ప్రశ్నలే. మొదటిదాన్ని గట్టిగా పట్టుకుంటే ఎంజైముల పట్టికను విడిగా గుర్తుపెట్టుకునే పని ఉండదు. ప్రైమర్ ఎందుకు, ఒకజాకి ముక్కలు ఎందుకు, లైగేజ్ ఎందుకు, క్రోమోజోమ్ కొసలు ఎందుకు అరుగుతాయి అనే ప్రశ్నలన్నీ ఒక్క నియమం నుంచే పుడతాయి: డీఎన్ఏ కొత్త పోచ 3′ కొస దగ్గర మాత్రమే పెరుగుతుంది.

ముందు ఆ 3′, 5′ ఏమిటో చూద్దాం. డీఎన్ఏలోని డీఆక్సీరైబోజ్ చక్కెరలో ఐదు కార్బన్లుంటాయి. 1′ కార్బన్‌కు క్షారం, అంటే అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్‌లలో ఒకటి అంటుకుని ఉంటుంది. వీటినే ఏ, టీ, జీ, సీ అక్షరాలుగా రాస్తాం. ఏకు టీ, జీకి సీ జోడీ. 5′ కార్బన్‌కు ఫాస్ఫేట్ ఉంటుంది. 3′ కార్బన్‌కు ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. పోచలో ఒక చక్కెర 3′ను పక్క చక్కెర 5′తో ఫాస్ఫేట్ కలుపుతుంది. కాబట్టి ఏ పోచ తీసుకున్నా ఒక కొసన 5′ ఫాస్ఫేట్, రెండో కొసన 3′ హైడ్రాక్సిల్ మిగులుతాయి. జంటలోని రెండు పోచలూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి. ఒకదాని 5′ కొస ఎదురుగా రెండోదాని 3′ కొస వస్తుంది. పరీక్షలో బొమ్మ మొదలుపెట్టేటప్పుడు గీతలకంటే ముందు ఈ నాలుగు కొసల అంకెలు వేసెయ్. బొమ్మల్లో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి.

ఇప్పుడు కట్టే పని. కణంలో సిద్ధంగా తిరిగే ముడిసరుకు న్యూక్లియోటైడ్ (క్షారం, చక్కెర, ఫాస్ఫేట్ కలిసిన ఒక్కో ముక్క) ఒంటి ఫాస్ఫేట్‌తో రాదు, 5′ దగ్గర మూడు ఫాస్ఫేట్లతో వస్తుంది. పెరుగుతున్న పోచ చివరి 3′ హైడ్రాక్సిల్ వెళ్ళి ఆ మూడింటిలో చక్కెరకు దగ్గరగా ఉన్నదానికి అంటుకుంటుంది. మిగతా రెండూ పైరోఫాస్ఫేట్‌గా ఊడిపోతాయి. అలా ఊడినప్పుడు విడుదలయ్యే శక్తే బంధం కట్టడానికి సరిపోతుంది. అంటే ప్రతి కొత్త న్యూక్లియోటైడూ తనను అతికించడానికి కావలసిన శక్తిని తానే మోసుకొస్తుంది. 

దీన్ని తిరగేసి ఊహించు. పోచ 5′ కొస వైపు పెరుగుతోందనుకో. అప్పుడు మూడు ఫాస్ఫేట్లు వచ్చే న్యూక్లియోటైడ్‌కు కాదు, పోచ కొసకే ఉండాలి. ఇంతలో ఒక తప్పు అక్షరం అతుక్కుంది, ఎంజైము దాన్ని కత్తిరించి పారేసింది. దానితోపాటు ఆ మూడు ఫాస్ఫేట్లూ పోయాయి. కొసలో మిగిలింది ఒకే ఫాస్ఫేట్, ఇక తర్వాతి బంధానికి శక్తి లేదు, పని అక్కడే ఆగిపోతుంది. 3′ వైపు పెరిగే పద్ధతిలో ఈ ఇబ్బంది రాదు. తప్పు అక్షరాన్ని కత్తిరిస్తే మళ్ళీ 3′ హైడ్రాక్సిల్ బయటపడుతుంది, తర్వాత వచ్చే న్యూక్లియోటైడ్ తన శక్తిని తాను తెచ్చుకుంటుంది. రాసింది దిద్దుకుంటూ ముందుకు పోవాలంటే ఈ దిశే కుదురుతుంది. ‘రెండో వైపు ఎందుకు కట్టదు’ అన్న నీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఆ 3′ హైడ్రాక్సిల్ ఎంత కీలకమో మందుల షాపులోనూ కనిపిస్తుంది. ఆటలమ్మకూ సర్పికీ డాక్టర్లు రాసే ఎసైక్లోవిర్ చూడటానికి గ్వానిన్ న్యూక్లియోటైడ్‌లా ఉంటుంది, కానీ దానికి 3′ హైడ్రాక్సిల్ ఉండదు. వైరస్ పాలిమరేజ్ దాన్ని పోచలో అతికిస్తే ఆ పోచ ఇక పెరగదు. మందును పనిచేసే రూపంలోకి మార్చే మొదటి ఫాస్ఫేట్‌ను తగిలించేది వైరస్ సొంత ఎంజైమే. అందుకే దాని దెబ్బ ఎక్కువగా వైరస్ సోకిన కణాల్లోనే పడుతుంది.

పాలిమరేజ్‌కు ఇంకో పరిమితి ఉంది. అది ఉన్న 3′ కొసను పొడిగించగలదు, ఖాళీ మూసపోచ మీద తనంతట తాను మొదలుపెట్టలేదు. మొదలుపెట్టే పని ప్రైమేజ్‌ది. అది సుమారు 10 న్యూక్లియోటైడ్ల ఆర్ఎన్ఏ ముక్కను పేర్చి, పాలిమరేజ్‌కు ఒక 3′ కొస అందిస్తుంది. డీఎన్ఏ ముక్కే పెట్టొచ్చు కదా అని అడగొచ్చు. ఏ ఆధారమూ లేకుండా మొదలుపెట్టేటప్పుడు తప్పులు ఎక్కువ పడతాయి. ఆ భాగం ఆర్ఎన్ఏ అయితే తాత్కాలికమైనదని గుర్తుపట్టి తీసేయడం సులువు.

ఇక నువ్వే ఒకసారి చేతితో చేసి చూడు. చదవడం కంటే ఇదే ఎక్కువ ఉపయోగం. నోటుపుస్తకం పేజీని అడ్డంగా పెట్టి, అక్షరాలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా రెండు వరుసలు రాయి.

పై పోచ: 5′ – ఏ టీ జీ సీ సీ ఏ టీ టీ జీ ఏ సీ జీ – 3′
కింది పోచ: 3′ – టీ ఏ సీ జీ జీ టీ ఏ ఏ సీ టీ జీ సీ – 5′

రెండు పోచలను విడదీసే ఎంజైము హెలికేజ్ ఎడమ నుంచి విప్పుకుంటూ కుడివైపు పోతోందనుకో. మొదట 6 జతలు విడిపోయాయి. కింది పోచను మూసగా తీసుకో. దాని 3′ ఎడమవైపు ఉంది, కాబట్టి కొత్త పోచ 5′ ఎడమన మొదలై 3′ కుడివైపు పెరుగుతుంది. పోచలు విడిపోతున్న చోటు, అంటే ఫోర్క్, కూడా కుడికే పోతోంది. ప్రైమర్ ఒక్కసారి పెడితే చాలు, హెలికేజ్ ఎంత విప్పితే అంత వెనకాలే రాసుకుంటూ పోవచ్చు. ఇది లీడింగ్ పోచ.

ఇప్పుడు పై పోచ. దీని 5′ ఎడమన ఉంది. కొత్త పోచ 5′ కుడివైపు ఉండి, పెరుగుదల ఎడమవైపు సాగాలి. అంటే ఫోర్క్‌కు వెనక్కి. విడిపోయిన ఆరింటిలో కుడి చివరి అక్షరం ‘ఏ’ దగ్గర మొదలుపెట్టు. మొదటి రెండు అక్షరాలను ఆర్ఎన్ఏగా ఎర్ర పెన్నుతో, మిగతా నాలుగింటిని నీలం పెన్నుతో కుడి నుంచి ఎడమకు రాస్తే ఇలా వస్తుంది (ఆర్ఎన్ఏలో టీ బదులు యూ ఉంటుంది): 5′ – యూ జీ, జీ సీ ఏ టీ – 3′. ఏడో అక్షరాన్ని రాయడానికి కుదరదు, అది ఇంకా విడిపోలేదు. విడిపోయాక చూస్తే అది నీ ముక్క 5′ కొస వైపు ఉంటుంది, అక్కడ అతికించే వీలు లేదు. ఇక దారి ఒక్కటే, కుడి చివర కొత్త ప్రైమర్ పెట్టి మళ్ళీ మొదలుపెట్టడం. తర్వాతి ఆరూ విడిపోయాక రెండో ముక్క: 5′ – సీ జీ, టీ సీ ఏ ఏ – 3′. ఇందులోనూ మొదటి రెండూ ఎర్రవే. ఇవే ఒకజాకి ముక్కలు. 1968లో రెయిజీ ఒకజాకి, త్సునెకో ఒకజాకి దంపతుల బృందం వీటిని చూపించింది. నిజంగా బ్యాక్టీరియాలో ఒక్కో ముక్క 1000 నుంచి 2000 న్యూక్లియోటైడ్లు ఉంటుంది. మన కణాల్లో 100 నుంచి 200 మాత్రమే.

రెండో ముక్క 3′ కొస వచ్చి మొదటి ముక్క ఎర్ర అక్షరాలను తాకింది. బ్యాక్టీరియాలో ఇక్కడికి డీఎన్ఏ పాలిమరేజ్ 1 వస్తుంది. ముందున్న ‘యూ జీ’ని తొలగిస్తూ, ఆ చోట ‘టీ జీ’ని డీఎన్ఏగా నింపుతుంది. అంతా నిండినా ఒక్క బంధం తక్కువ: కొత్తగా పెట్టిన ‘జీ’కీ దాని పక్క పాత ‘జీ’కీ మధ్య ఫాస్ఫోడైఎస్టర్ బంధం ఉండదు. పాలిమరేజ్‌కు మూడు ఫాస్ఫేట్లున్న విడి న్యూక్లియోటైడ్ కావాలి, ఇక్కడ అతకాల్సినవి రెండూ ఇప్పటికే పోచల్లో ఉన్నాయి. శక్తిని బయటినుంచి తెచ్చి ఈ బంధం వేసేది లైగేజ్. మన కణాల్లో అది ఏటీపీని, ఈ. కోలైలో ఎన్ఏడీని వాడుతుంది. ‘లైగేజ్ ముక్కలను కలుపును’ అని ఒక్క ముక్కలో రాసేకంటే, అది ఖాళీలు నింపదు, చివరి బంధాన్ని మాత్రమే వేస్తుంది అని రాస్తే దిద్దేవారికి నీకు తెలుసని అర్థమవుతుంది.

ఇప్పుడు నీ కాగితం కుడి కొస చూడు. రెండో ముక్క ఎర్ర అక్షరాలు ‘సీ జీ’ ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని తీసేస్తే ఆ చోటు నింపడానికి వాటికి అవతల ఏ 3′ కొసా లేదు. ఫోర్క్ ఇంకా ముందుకు పోయేదైతే తర్వాతి ముక్క వచ్చి నింపేది. కాగితం అయిపోయింది, క్రోమోజోమ్ కూడా అలాగే ఒకచోట అయిపోతుంది. అందుకే మన కణాలు విభజన చెందిన ప్రతిసారీ కొసలు కొంచెం కొంచెం అరుగుతాయి. ఆ అరుగుదల జన్యువుల దాకా రాకుండా కొసల్లో టీ టీ ఏ జీ జీ జీ అన్న వరుస వేలసార్లు తిరిగి తిరిగి ఉంటుంది, అదే టీలోమియర్. బీజకణాలు తయారయ్యే చోట టీలోమరేజ్ దాన్ని మళ్ళీ పొడిగిస్తుంది. ఈ పని మీదే 2009లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు నోబెల్ వచ్చింది. ఈ. కోలై డీఎన్ఏ గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి ఈ సమస్యే లేదు.

హెలికేజ్ గురించి ఒక్క సంగతి. ఉద్దానంలో పేనే రెండు పురుల కొబ్బరి తాడు తీసుకుని, ఒక కొస కదలకుండా కట్టి, రెండో కొస దగ్గర పురులను బలంగా విడదీసి లాగు. ముందున్న తాడు బిగుసుకుపోయి మెలికలు పడుతుంది. డీఎన్ఏలో సుమారు 10 జతలకు ఒక చుట్టు. సెకనుకు 1000 జతలు విడిపోతే 100 చుట్లు విప్పాలి. ఆ బిగువును పోగొట్టడానికి టోపోఐసోమరేజ్ డీఎన్ఏను తాత్కాలికంగా కోసి, చుట్టు వదిలించి, మళ్ళీ అతుకుతుంది. బ్యాక్టీరియాలో ఈ పనిచేసే ఎంజైము పేరు గైరేజ్. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర దెబ్బతీసే ఎంజైముల్లో ఇది ముఖ్యమైనది. గైరేజ్ కోసిన చోటు మళ్ళీ అతుక్కోకుండా ఆ మాత్ర ఆపుతుంది.

నీ లెక్కకు వద్దాం. 18 నిమిషాలంటే 1080 సెకన్లు. 46 లక్షలను 1080తో భాగిస్తే 4259, నీ భాగాహారం సరైనదే. నువ్వు వదిలేసింది ఏమిటంటే, ఈ. కోలైలో ప్రతికృతి ఒకేచోట మొదలైనా అక్కడినుంచి రెండు ఫోర్కులు ఎదురు దిశల్లో బయలుదేరి అవతలివైపు కలుసుకుంటాయి. 4259ని రెండుతో భాగిస్తే ఒక్కో ఫోర్క్ వేగం సుమారు 2130. పుస్తకం దాన్నే 2000కు సరిచేసింది. పరీక్షలో ఆ అంకెలే రాయి. ప్రయోగశాలల్లో 37 డిగ్రీల దగ్గర సాధారణంగా కనిపించేది మాత్రం ఫోర్క్‌కు సెకనుకు సుమారు 1000, మొత్తానికి 40 నిమిషాలు. మరి ఈ. కోలై 20 నిమిషాలకోసారి ఎలా రెండవుతుంది? పోషకాలు పుష్కలంగా ఉన్నప్పుడు అది మొదటి కాపీ పూర్తి కాకముందే రెండో కాపీ మొదలుపెడుతుంది. కూతురు కణానికి అందే డీఎన్ఏ అప్పటికే సగం కాపీ అయి ఉంటుంది.

మన కణాల్లో వేగం చాలా తక్కువ, ఫోర్క్‌కు సెకనుకు సుమారు 50. మన మొదటి క్రోమోజోమ్‌లో దాదాపు 25 కోట్ల జతలున్నాయి. ఒక్కచోటే మొదలుపెట్టి రెండు ఫోర్కులతో పోతే 29 రోజులు పడుతుంది, కావాలంటే భాగించి చూడు. నిజానికి ఎస్ దశ (కణం డీఎన్ఏను కాపీ చేసుకునే దశ) సుమారు 8 గంటల్లో ముగుస్తుంది. కారణం, మన డీఎన్ఏలో ప్రతికృతి వేలాది చోట్ల మొదలవుతుంది.

ఈ పాఠంలో లెక్కగా తరచూ వచ్చేది ఇంకొకటుంది, మెసెల్సన్, స్టాల్ 1958 ప్రయోగం. బరువైన నైట్రోజన్ 15లో పెరిగిన ఈ. కోలైని మామూలు నైట్రోజన్ 14లోకి మార్చి, 20 నిమిషాలకో తరం చొప్పున డీఎన్ఏ బరువు చూశారు. 80 నిమిషాల తర్వాత ఎంత అని అడిగితే, 4 తరాలు, ఒక్క జంటతో మొదలైతే 16 జంట పోచలు. పాత పోచలు రెండే, అవి రెండు జంటల్లో ఉంటాయి. సంకర డీఎన్ఏ (ఒక పాత పోచ, ఒక కొత్త పోచ ఉన్నది) 12.5 శాతం, తేలికది 87.5 శాతం, పూర్తిగా బరువైనది సున్నా. ఎన్ని తరాలైనా ఆ రెండు పాత పోచలూ పోవు.

ఇక అన్నయ్య సంగతి. పాలిమరేజ్ అక్షరాలను ఎంచుకోవడంలో దాదాపు లక్షకు ఒక తప్పు చేస్తుంది. తప్పు జత సరిగా అమరదు కాబట్టి వెంటనే వెనక్కి వచ్చి కత్తిరిస్తుంది, దానితో కోటికి ఒకటి మిగులుతుంది. తర్వాత వచ్చే మిస్‌మ్యాచ్ రిపేర్ దాన్ని వంద కోట్లకు ఒకటికీ, అంతకన్నా తక్కువకూ తగ్గిస్తుంది. రెండు పోచల్లో ఏది పాతదో, ఏది తప్పు రాసిన కొత్తదో ఈ. కోలైకి ఎలా తెలుస్తుందంటే, జీ ఏ టీ సీ అని ఉన్న చోట్ల పాత పోచలోని అడినిన్లకు మిథైల్ గుర్తులుంటాయి. కొత్త పోచకు ఆ గుర్తులు పడటానికి కొంచెం సమయం పడుతుంది. ఆ వ్యవధిలోనే దిద్దుబాటు జరగాలి.

ఈ ఏర్పాట్లన్నీ చూసేది జత కుదిరిందా లేదా అనే. అక్షరం అర్థం వాటికి తెలియదు. తప్పు ఒక్కటి దిద్దుబాటుకు దొరక్కుండా మిగిలితే, తర్వాతి ప్రతికృతిలో ఆ తప్పు అక్షరమే మూస అవుతుంది. దాని ఎదుట సరైన జోడీ వచ్చి కూర్చుంటుంది. ఇక ఆ జతలో ఏ లోపమూ కనబడదు. సికిల్ సెల్‌లో జరిగింది ఇదే. బీటా గ్లోబిన్ జన్యువులో ఆరో అమైనో ఆమ్లానికి ‘జీ ఏ జీ’ ఉండాల్సిన చోట ‘జీ టీ జీ’ అయింది. గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్ వచ్చింది. ఈ తప్పు మీ అన్నయ్య ఒంట్లో జరిగింది కాదు, వేల సంవత్సరాల కిందటిది. అప్పటినుంచి కణాలు దాన్ని తప్పు లేకుండా కాపీ చేస్తూనే వచ్చాయి. ఒక్క కాపీ ఉన్నవారికి మలేరియా ప్రాణాంతకం కావడం తక్కువ, అందుకే మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో అది నిలిచిపోయింది.

క్యారియర్ అంటే ఆ మారిన జన్యువు ఒక్క కాపీ మాత్రమే ఉందని, అన్నయ్యకు జబ్బు ఉన్నట్టు కాదు. మామూలుగా ఏ మందూ అక్కర్లేదు. పెళ్ళి మాట వచ్చినప్పుడు అమ్మాయి కూడా పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడం తప్పు. మేనరికం అయితే ఇద్దరిదీ ఒకే కుటుంబం కాబట్టి పరీక్ష ఇంకా ముఖ్యం.

ఇది నీకూ వర్తించొచ్చు. అన్నయ్యకు ఆ జన్యువు పెద్దమ్మ నుంచి వచ్చిందా, పెదనాన్న నుంచి వచ్చిందా అని ముందు కనుక్కో. పెదనాన్న నుంచి మాత్రమే వచ్చి, పెద్దమ్మ పరీక్షలో మామూలుగా ఉంటే, అన్నయ్య ఫలితానికీ నీకూ సంబంధం లేదు. పెద్దమ్మ క్యారియర్ అయితే మీ అమ్మ కూడా చేయించుకోవాలి, అమ్మకు ఉంటే నువ్వూ చేయించుకోవాలి. మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష హిమోగ్లోబిన్ ఎస్ (ఆ మారిన జన్యువు తయారుచేసే హిమోగ్లోబిన్) ఉందో లేదో చెబుతుంది, క్యారియరా రోగా అన్నది తేల్చలేదు. అందుకు హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ, అంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష, కావాలి. అన్నయ్యకు ఆ రెండింటిలో ఒకటి చేశారో లేదో కాగితం మీద చూడండి. సాల్యుబిలిటీ ఒక్కటే చేసి ఉంటే, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి రెండోది కూడా చేయించండి.